లావు ఎలుకల్లో షుగర్ లెక్క తప్పిందా? ముందు ఫీడ్ తూచండి

జుకర్ ఫ్యాటీ, జెడ్‌డీఎఫ్ (జుకర్ డయాబెటిక్ ఫ్యాటీ), హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన డబ్ల్యూఎన్‌ఐఎన్ లావు ఎలుకలు. వీటితో ప్రాజెక్టు చేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎలుకను పట్టుకోవడం, తోక నుంచి రక్తపు చుక్క తీయడం, ఓరల్ గవేజ్ (మొద్దు సూదితో నోటి ద్వారా నేరుగా పొట్టలోకి మందు) ఇవ్వడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఫార్మసీ కాలేజీల పిల్లలు ఫోన్ చేసి అడిగే సమస్యలు నాలుగైదే. జీన్ దగ్గర్నుంచి కిట్ దాకా అన్నిటినీ అనుమానించి, గైడ్‌తో చీవాట్లు తిని, అప్పుడు ఫోన్ చేస్తారు. ఎలుక నిన్న ఎన్ని గ్రాములు తిందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

సమస్య: బాగా లావెక్కాయి, షుగర్ మాత్రం రాలేదు

ముందు కేజ్ కార్డు చదవండి. 1961లో లోయిస్ జుకర్, థియోడర్ జుకర్ వెలుగులోకి తెచ్చిన ఫ్యాటీ ఎలుకలో లెప్టిన్ రిసెప్టర్, అంటే కడుపు నిండిందని చెప్పే హార్మోన్‌ను అందుకునే భాగం, దెబ్బతిని ఉంటుంది. అది విపరీతంగా తింటుంది, లావెక్కుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. కానీ చాలావరకు ఆ ఎక్కువ ఇన్సులిన్‌తోనే షుగర్‌ను అదుపులో పెట్టుకుంటుంది. పూర్తి డయాబెటిస్ కావాలంటే దాని నుంచి వేరుచేసి పెంచిన జెడ్‌డీఎఫ్ ఉండాలి. అందులో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల లోపం కూడా ఉంటుంది. అదీ మగ ఎలుక అయి ఉండాలి, ప్యూరినా 5008 ఫీడ్ మీద పెరగాలి. అప్పుడు 8 నుంచి 12 వారాల మధ్య షుగర్ ఎక్కుతుంది, 400 దాటడం మామూలే. ఆడ జెడ్‌డీఎఫ్‌కు అదే 5008 పెట్టి ఎదురుచూస్తే లాభం లేదు, దానికి కొవ్వు బాగా ఎక్కువున్న ప్రత్యేకమైన ఫీడ్ కావాలి. 5008 దొరకలేదని మామూలు పెల్లెట్లు వేసి, ఎలుక మంచిది కాదని సప్లయర్‌ను తిట్టకండి.

డబ్ల్యూఎన్‌ఐఎన్ లావు ఎలుకల్లో ఒక రకమైన డబ్ల్యూఎన్‌ఐఎన్/జీఆర్-ఓబీ ఎలుకలో పరగడుపు షుగర్ మామూలుగానే ఉంటుంది. గ్లూకోజ్ తాగించి చూస్తేనే తేడా బయటపడుతుంది. ఆ టెస్టులో ఒక సంగతి గుర్తుంచుకోండి: కిలోకు 2 గ్రాముల లెక్కన 600 గ్రాముల లావు ఎలుకకు 1.2 గ్రాముల గ్లూకోజ్ వెళ్తుంది, 300 గ్రాముల సన్న ఎలుకకు అందులో సగమే. ఎక్కువైన బరువంతా కొవ్వే కాబట్టి ఆ రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టి గట్టి మాట చెప్పలేం. లావు ఎలుకను లావు ఎలుకతోనే పోల్చండి.

సమస్య: సన్న ఎలుకలకూ షుగర్ ఎక్కువే చూపిస్తోంది

కీటమిన్-జైలజిన్ మత్తు ఇచ్చి రక్తం తీశారా? జైలజిన్ ఇన్సులిన్ విడుదలను ఆపుతుంది, షుగర్ పైకి పోతుంది. అక్కడితో ఆ సమస్య తేలిపోయినట్టే. మత్తు ఇవ్వకపోయినా, కొత్త చేతులు గట్టిగా పట్టుకుంటే బెదురుతోనే రీడింగ్ పెరుగుతుంది. ప్రయోగానికి వారం ముందు నుంచి రోజూ చేతిలోకి తీసుకుని అలవాటు చేయండి. మన తీరపు తేమలో స్ట్రిప్ డబ్బా మూత తీసి బల్ల మీద వదిలేస్తే స్ట్రిప్పులు పాడవుతాయి. మీటర్ మీద ‘హెచ్ఐ’ అని వస్తే చాలా మీటర్లలో 600 దాటిందని అర్థం. దాన్ని 600 అని రాసి సగటు తీయకండి, ఆ శాంపిల్‌ను ల్యాబ్ పద్ధతిలో కొలవండి.

సమస్య: మందు మొదలుపెట్టిన వారంలోనే షుగర్ పడిపోయింది

ఇది సమస్యలా కనిపించదు, అసలు ప్రమాదం అదే. అందరికీ సంతోషంగా ఉంటుంది, గైడ్ పేపర్ రాయమంటారు. నేను ఇక్కడే ఆపి ఫీడ్ రికార్డు అడుగుతాను. “రోజూ హాపర్ (ఫీడ్ వేసే బుట్ట) నింపుతున్నాం సార్” అంటారు. నింపడం వేరు, తూచడం వేరు.

ఈ ఎలుకకు కడుపు నిండిందని మెదడుకు కబురు అందదు. అందుకే తింటూనే ఉంటుంది. మామూలు పెద్ద ఎలుక రోజుకు 15-20 గ్రాములు తింటే ఇది దానికి రెండింతల దాకా తినేస్తుంది. దాని షుగర్‌లో ఆ అతి తిండి వాటా చాలా పెద్దది. తిండి తగ్గిస్తే, ఏ మందూ లేకుండానే షుగర్ తగ్గుతుంది. అంటే ఎలుక తిండి మానేయడానికి కారణమైన ఏ వస్తువైనా సరే, మీ గ్రాఫులో మంచి డయాబెటిస్ మందులా కనిపిస్తుంది. ఎలుకకు వికారం పుట్టించే కషాయం కూడా అంతే.

ఒక ఎం.ఫార్మ్ ప్రాజెక్టులో జరిగింది చెబుతాను. మే నెల. చేదు ఆకు ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తున్న కేజ్‌లన్నీ పడమర గోడ వైపు ర్యాక్‌లో ఉన్నాయి, కంట్రోల్ కేజ్‌లు ఏసీ కింద. మందు గ్రూపుకు షుగర్ చక్కగా దిగింది. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూస్తే ఆ ర్యాక్‌లో ఎలుకలు పొట్ట నేలకు ఆనించి, కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాయి. హాపర్‌లో పొద్దున వేసిన పెల్లెట్లు అంచులు కూడా అరగకుండా అలాగే ఉన్నాయి. గది థర్మామీటర్ తలుపు పక్కన ఉంది, అందులో 26 డిగ్రీలు. ఆ ర్యాక్ దగ్గర చెయ్యి పెడితే గోడే సెగ కొడుతోంది. రాత్రి ఏసీ ఆపేస్తున్నారని తర్వాత తెలిసింది. ఎలుక తినేదే రాత్రి. ఉక్కపోతకు తిండి తగ్గింది, దాంతో షుగర్ తగ్గింది. ఆకులో గుణం ఉందో లేదో ఆ ప్రయోగం నుంచి ఎవరూ చెప్పలేరు. అన్ని ప్రాణాలు పోయాక చేతికి వచ్చింది అదే. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ మార్గదర్శకాలు 18 నుంచి 29 డిగ్రీలు, 30 నుంచి 70 శాతం తేమ అంటాయి. ఆ కొలత కేజ్ ఎత్తులో, ప్రతి ర్యాక్ దగ్గరా తీయాలి. గరిష్ఠం, కనిష్ఠం రెండూ గుర్తుంచుకునే థర్మామీటర్ పెట్టండి, కరెంటు పోయిన రాత్రి సంగతి పొద్దున అదే చెబుతుంది. గ్రూపుకో ర్యాక్ ఇవ్వకండి. అన్ని గ్రూపుల కేజ్‌లనూ ప్రతి ర్యాక్‌లోనూ కలిపి పెట్టి, వారానికోసారి చోటు మార్చండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల రీడింగులను లెక్కలో కలపకండి, రికార్డులో మాత్రం కారణంతో సహా రాయండి.

వేడి ఒక్కటే కారణం అనుకోవద్దు. తాగే నీళ్లలో పొడపత్రి లాంటి చేదు కలిపితే నీళ్లు తాగదు, నీళ్లు తాగనిది పొడి పెల్లెట్లూ తినదు. గవేజ్‌లో కిలోకు 10 మిల్లీలీటర్లు మించితే పొట్ట నిండిపోయి తిండి మానుతుంది. సూది గీరుకుని గొంతు పుండైనా అంతే. వానాకాలంలో బూజు వాసన వచ్చిన బస్తా ఇంకొకటి. ఇక చాలామంది వదిలేసేది నీళ్ల సీసా. డయాబెటిస్ ముదిరిన ఎలుక రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంది. ఒక కేజ్‌లో మూడు ఎలుకలకు 250 మిల్లీలీటర్ల సీసా ఒకటి పెడితే తెల్లారేలోపే ఖాళీ. సీసా నిండుగా ఉన్నా నమ్మకండి. నాజిల్ గోలీని వేలికొనతో పైకి నొక్కండి. వేలు తడవాలి. తడవకపోతే గోలీ ఇరుక్కుంది, లేదా గాలి పట్టింది. బాగా లావెక్కిన ఎలుక పైకి లేచి అందుకోలేదు కాబట్టి నాజిల్ కాస్త పొడుగ్గా, కిందకు దిగేలా ఉండాలి.

ఫీడ్ ఇలా తూచండి. రోజూ ఒకే వేళకు హాపర్‌లో మిగిలినది తూచి, నిన్న వేసిన దాంట్లోంచి తీసేయండి. ఇవి పెల్లెట్లను కొరికి కింద పొడి చేస్తాయి, కాబట్టి కింద పరిచిన ఊకను జల్లెడ పట్టి ఆ నలుసులనూ తీసేయాలి. షుగర్ ఎలుకల కేజ్‌లో ఊక మూత్రంతో తడిసి ముద్దవుతుంది. తడి నలుసులను ఆరబెట్టాకే తూచండి. పక్కనే శరీర బరువు, తాగిన నీళ్లు రాయండి. బాగా తింటూ, తాగుతూ బరువు తగ్గుతుంటే గ్లూకోజ్ మూత్రంలో పోతోందని, డయాబెటిస్ ముదిరిందని అర్థం. తిండి, బరువు, షుగర్ మూడూ కలిసి తగ్గితే మందును మెచ్చుకోకండి, ముందు ఎలుక ఎందుకు తినడం లేదో వెతకండి. తిండి తగ్గకుండా షుగర్ ఒక్కటే తగ్గి, నీళ్లు తాగడం కూడా తగ్గితే, అప్పుడు మందు గురించి మాట్లాడవచ్చు.

మందే ఆకలిని తగ్గిస్తోందని అనుమానముంటే పెయిర్-ఫెడ్ గ్రూపు తప్పదు. మందు గ్రూపు నిన్న తిన్నంత ఫీడే మందు లేని ఇంకో లావు గ్రూపుకు ఇవాళ ఇస్తారు. రెండింటికీ షుగర్ ఒకేలా దిగితే ఆ తగ్గుదల తిండిదే. మొత్తం ఒకేసారి వేస్తే ఆబగా తినేసి మిగతా వేళంతా పస్తుంటాయి, అప్పుడు రీడింగ్ ఇంకా తక్కువ చూపిస్తుంది. పెద్ద భాగం చీకటి పడేముందు, మిగతాది పొద్దున ఇవ్వండి. ఈ గ్రూపు ఎలుకల సంఖ్యను మొదటి దరఖాస్తులోనే కమిటీకి చూపించండి. మధ్యలో కలపాలంటే మళ్లీ అనుమతి కావాలి, ఈలోపు ఎలుకల వయసు దాటిపోతుంది.

సమస్య: ఫాస్టింగ్ రీడింగులు ఒక్కో ఎలుకకు ఒక్కో తీరు

హాపర్ తీసేసి పాత కేజ్‌లోనే ఉంచితే ఊకలో పడ్డ నలుసులు తింటూనే ఉంటాయి, వీటి ఆకలికి ఊకను కూడా వదలవు. కొత్త కేజ్‌లోకి మార్చండి, నీళ్లు ఉంచండి. రాత్రంతా పస్తు పెట్టకండి. అది ఎలుక భోజనం వేళ, 16 గంటల పస్తుకు లివర్‌లో గ్లైకోజన్ (నిల్వ ఉన్న గ్లూకోజ్) అయిపోతుంది. పొద్దున 8కి ఫీడ్ తీసి మధ్యాహ్నం 2కి శాంపిల్ తీస్తే చాలు. మొదటి చుక్క తుడిచేయండి, తోక పిండకండి.

హెచ్‌బీఏ1సీలో (కొన్ని వారాల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) తేడా రాలేదని కంగారుపడేవాళ్లు మందు ఎన్ని వారాలు ఇచ్చారో చూసుకోండి. ఎలుక ఎర్ర రక్తకణం దాదాపు 60 రోజులు బతుకుతుంది, రెండు వారాల ప్రయోగానికి అందులో పెద్ద మార్పు కనిపించదు.

జీన్ మీద అనుమానం చివర్న పెట్టుకోండి. ఎలుకలను కొని తెచ్చుకుంటే దాదాపు అవసరం రాదు. సొంతంగా బ్రీడింగ్ చేస్తుంటే మాత్రం క్యారియర్ (లావు జీన్ ఒక్క కాపీ మోసే) జంటలకు పుట్టేవాటిలో నాలుగో వంతే లావెక్కుతాయి, నాలుగైదు వారాల వయసులో కంటికే తెలుస్తుంది. అంతకుముందే విడదీయాలంటే చెవి ముక్క పీసీఆర్‌కు పంపండి. పళ్లు పొడుగ్గా పెరగడం, ట్యూమర్లు లాంటివి అరుదు. నోరు తెరిచి ఒకసారి చూసి, లేకపోతే మళ్లీ ఫీడ్ రికార్డు దగ్గరికి రండి.