కొనుగోలు మనస్తత్వం – మూడో పాఠం: మొదట కంటబడిన ధర

999 రూపాయల ధర వెయ్యికి ఒక్క రూపాయే తక్కువైనా మన కంటికి తొమ్మిది వందల చిల్లరగా ఎందుకు కనిపిస్తుందో గత పాఠంలో చూశాం. ఈ పాఠంలోని ప్రభావం అంతకంటే బలమైనది. వస్తువు విలువ కట్టేటప్పుడు మొదట కంటబడిన అంకె మన అంచనాను తన వైపు లాక్కుంటుంది.

ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు కనుక బట్టల కొట్లకు అది గిరాకీ పడిపోయే నెల. ఆ వెలితిని పూడ్చుకోవడానికే రాజమహేంద్రవరం తాడితోట మొదలుకొని అమలాపురం, భీమవరం దాకా తగ్గింపు బ్యానర్లు లేస్తాయి. లోపల ఒక చీర చీటీని దగ్గరగా చూడండి. పైన 2,400 అని వేసి, దానిమీద ఎర్రగీత కొట్టి, కింద లావు అంకెలతో 1,199 అని అచ్చు వేసి ఉంటుంది. గీత కింద ఉన్నా ఆ పాత ధర స్పష్టంగానే చదవవచ్చు. దాన్ని మనం చదవాలనే అక్కడ ఉంచారు. చదివాక మన మనసులో మెదిలే ప్రశ్న ఈ చీర 1,199 చేస్తుందా అన్నది కాదు, 1,201 రూపాయలు మిగులుతున్నాయి కదా అన్నది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి ఆధారం. వారు అంకెల చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమని అడిగారు. చక్రం 10 దగ్గర ఆగినవారి మధ్యస్థ అంచనా (అందరి అంచనాలను వరుసగా పేరిస్తే నడుమ వచ్చేది) 25, 65 దగ్గర ఆగినవారిది 45. ఏ సంబంధమూ లేని అంకే అంత పని చేస్తే, వస్తువుకే కట్టి ఉన్న చీటీ ఇంకెంత చేస్తుందో ఊహించవచ్చు.

వరద నీటితో పాటు పులస వచ్చే రోజుల్లో గోదావరి గట్టున కూడా ఇదే జరుగుతుంది: అమ్మేవారు మొదట చెప్పిన ధర దగ్గరే బేరం మొదలవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత, నా దృష్టిలో, చేప బుట్టలోకి రాకముందే దాని ధర పెంచి పెడుతుంది.

పొట్లాల మీది ఎం.ఆర్.పి. విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. అది అంతకు మించి అమ్మకూడదనే హద్దు మాత్రమే కనుక, దానిమీద ఇచ్చే తగ్గింపు సరుకు చవకని రుజువు చేయదు. 250 గ్రాముల టీ పొడి 130 రూపాయలు, అరకిలో 270 రూపాయలు అనుకోండి. గ్రాముకు మొదటిది 52 పైసలు, రెండోది 54 పైసలు పడుతుంది. పెద్ద పొట్లం మీద "ఆదా" అని రాసి ఉన్నా లెక్క మారదు.

ఈ వారం అభ్యాసం: కొట్టుకు బయలుదేరే ముందే, కొనదలచిన మూడు వస్తువులకు ఎంతవరకు పెట్టగలరో కాగితం మీద రాసుకోండి. చీటీని అరచేతితో మూసి, నేతను, అంచును, కొంగును చూసి మీ ధర అనుకున్నాకే చెయ్యి తీయండి. చీటీ చూశాక రాసిన అంకెను మార్చాలనిపిస్తే కొట్టేయకుండా, కొత్త అంకెను పక్కన రాసి, ఎందుకు మార్చారో ఒక మాటలో చేర్చండి. నాలుగో పాఠంలో, మూడు సైజుల పూతరేకుల పెట్టెల్లో చెయ్యి మధ్యదాని మీదికే ఎందుకు పోతుందో పరిశీలించేటప్పుడు ఆ కాగితంతో పని పడుతుంది.