మర్చంట్ నేవీ పరీక్షలకు పోయే పిల్లలు గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు

జమ్మలమడుగు వైపు పిల్లాడొకడు మర్చంట్ నేవీ ఎంట్రన్స్ రాయడానికి రాత్రి రైల్లో చెన్నై పోయి, పొద్దున పదికల్లా నాకు ఫోన్ చేశాడు. లోపలికి పోనీలేదంట. "పేరు నాదే, మొహం నాదే, ఇంకేం కావాలన్నా వాళ్లకు?" అని ఒకటే ఏడుపు. కాగితాలు వాట్సాప్‌లో పంపమంటే పంపాడు. హాల్ టికెట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా నిండుగా ఉంది. చేతిలో పట్టుకుపోయింది మాత్రం ఆధార్. అందులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, చివర రెడ్డి లేదు. ఇక ఫొటో, ఆరో తరగతిలో దిగింది. ఉబ్బిన బుగ్గలు, నుదుట బొట్టు. గడ్డం పెంచిన పందొమ్మిదేళ్లవాణ్ణి దాని పక్కన నిలబెడితే నేనూ గుర్తుపట్టను. పాస్‌పోర్ట్ ఏదిరా అంటే, ఎక్కడ పారేసుకుంటాడోనని వాళ్లమ్మ బీరువాలో పెట్టి తాళం వేసిందంట.

కడపలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం నా పని. అంతకుముందు కొన్నేళ్లు ఓడ ఇంజిన్ రూములో చేశాను కాబట్టి ఈ పరీక్షల పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. ఫారం నింపడం వాళ్లకు పెద్ద కష్టం కాదు, ఫీజు కట్టడం అంతకన్నా కాదు. అవి త్వరగా చెప్పేస్తాను.

ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్ ఉంటుంది. మూడు సబ్జెక్టుల సగటు 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం రావాలి. పరీక్ష మూడు గంటలు, 200 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. టెన్త్‌తోనే ఓడెక్కాలనుకునేవాళ్లకు జీపీ రేటింగ్ కోర్సు ఉంది, ఆఫీసర్ల కింద పనిచేసే సిబ్బంది కోర్సు అది. ఆరు నెలల ట్రైనింగ్, చివర ఎగ్జిట్ పరీక్ష. కొన్నేళ్లు సముద్రం మీద చేశాక ఆఫీసర్ కావాలంటే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ పెట్టే రాతపరీక్ష, దాంతోపాటు నోటితో జవాబు చెప్పే ఓరల్. వీటన్నిటికీ పైన ఉండేది డీజీ షిప్పింగ్, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు.

ఎవరికైనా రూపాయి కట్టేముందు ఊళ్లోనే కంటి డాక్టర్ దగ్గర రంగుల పరీక్ష చేయించుకోండి. డెక్ వైపు, అంటే ఓడ నడిపే వైపు పోవాలంటే అద్దాలు లేకుండా చూపు 6/6 ఉండాలి, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియాలి. ఇంజిన్ వైపు అద్దాలకు కొంత సడలింపు ఉంది. రంగులు తెలియని సంగతి కోర్సు ఫీజు కట్టాక బయటపడితే ఆ బాధ చెప్పుకోలేం.

ఇప్పుడు అసలు చిక్కు. మన ఇళ్లల్లో ఇంటిపేరు ముందొస్తుంది, అదీ పొడి అక్షరంగానే. బళ్లో సారు రాసినట్టు టెన్త్ మెమో, ఆధార్ సెంటర్ పిల్లాడు టైపు చేసినట్టు ఆధార్. పాస్‌పోర్ట్ దగ్గరికి వస్తే పొడి అక్షరం కుదరదు, విడమర్చి రాయాలి. సర్‌నేమ్ గడి, గివెన్ నేమ్ గడి వేరువేరు. కొందరు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు, కొందరు అందులో రెడ్డి అనో నాయుడు అనో రాస్తారు. చివరికి ఒకే మనిషికి మూడు పేర్లు. ఓడ ఉద్యోగానికి సంబంధించిన ప్రతి కాగితానికీ పాస్‌పోర్టే మూలం. ఓడ ఉద్యోగులకు ఇచ్చే గుర్తింపు నంబరు ఇండోస్‌లో ఎక్కేది ఆ పేరే, ఏ ఓడలో ఎప్పుడు చేశామో రాసే సీడీసీ పుస్తకంలో పడేదీ ఆ పేరే. ఒకసారి అక్కడ తప్పుగా ఎక్కితే మార్పించుకోవడానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు.

అందుకని వరస తప్పకండి. ముందు టెన్త్ మెమో బయటికి తీసి స్పెల్లింగ్ చూడండి. ఆధార్‌లో పేరు విడమర్పించండి. పదిహేనేళ్లు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ చాలామంది మానేస్తారు, అది చేయిస్తే ఫొటో కూడా మారుతుంది. ఆ తర్వాతే పాస్‌పోర్ట్. దానికి తిరుపతి దాకా పోనక్కర్లేదు, కడపలోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. ‘ఈ రెండు పేర్లూ ఒకరివే’ అని నోటరీ దగ్గర రాయించుకున్న అఫిడవిట్ ఆఫీసు పనులకు కొంత పనికొస్తుంది గానీ, పరీక్ష గేటు దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. వెనక నూరుమంది లైన్లో ఉంటే మీ కాగితం చదివే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. గేటు మనిషి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఒకరి బదులు ఇంకొకరు కూర్చోకుండా చూడటమే ఆయన పని.

హాలు లోపలి నియమాలు కొత్తవేం కావు, పట్టింపే ఎక్కువ. ఫోను, స్మార్ట్ వాచీ, రాసిన కాగితం ఏదీ లోపలికి రాకూడదు. ఆఫీసర్ల రాతపరీక్షకు మాతో వచ్చినవాడొకడు క్యాలిక్యులేటర్ మూత లోపల పెన్సిల్‌తో రెండు ఫార్ములాలు రాసుకున్నాడు. ఎప్పుడో చదువుకునేటప్పుడు రాసినవి, తుడవడం మరిచిపోయాడు. వాటిని చూశావా లేదా అని ఎవరూ అడగలేదు. అవి అక్కడ ఉండటమే తప్పు. అలా దొరికితే ఆ ఒక్క పేపరుతో పోదు, కొంతకాలం మళ్లీ రాయనివ్వరు కూడా. పక్కవాడికి చూపించినా చూసినవాడితో సమానమే. రఫ్ కాగితాలతో సహా అన్నీ అప్పగించి, అనుమతి తీసుకున్నాకే లేవాలి.

ఓరల్ దగ్గర ఇంకో రకం తప్పు జరుగుతుంది. తెలియని ప్రశ్న వస్తే మనవాళ్లు వాదనకు దిగుతారు, లేదంటే బతిమాలతారు. పరీక్షకుడితో దురుసుగా మాట్లాడినా తప్పు కిందే రాస్తారు. తెలియదు సార్ అంటే ఒక ప్రశ్న పోతుంది, అంతే. నేను మొదటిసారి ఫెయిలైంది ఓరల్‌లోనే. రెండోసారి పాసయ్యాను, ఆకాశమేం విరిగిపడలేదు.

"ఓరల్‌లో మనవాడున్నాడు, మాట్లాడిస్తాం" అని ఫోన్లు వస్తాయి. డబ్బు ఇవ్వజూపితే ఇరుక్కునేది మీరే, మధ్యవాడు కాదు. సముద్రం మీద చేయని నెలలు చేసినట్టు లెటర్ ఇప్పిస్తామనేవాళ్లూ ఉన్నారు. ఆ తేదీలను సీడీసీలో ఎక్కిన దిగిన తేదీలతో పోల్చి చూస్తారు, తేడా వస్తే పరీక్షతోపాటు ఉద్యోగమూ పోతుంది. ఓడ మీద ఉద్యోగం చూపే కంపెనీకి ఆర్‌పీఎస్ఎల్ అనే లైసెన్సు, అంటే మనుషుల్ని ఓడలకు పంపే అనుమతి, తప్పకుండా ఉండాలి. 2016 నాటి నియమాల ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు కుర్రాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రైనింగ్ కాలేజీకి అనుమతి ఉందో లేదో, కంపెనీకి లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. నా దగ్గరికి వస్తే నేనే చూసిపెడతాను, దానికి డబ్బులేం తీసుకోను.

సెంటర్ చెన్నైలో పడితే ముందురోజే పోండి, తెల్లారి దిగే రైలును నమ్ముకోకండి. హాల్ టికెట్ రెండు ప్రింట్లు తీసి ఒకటి చొక్కా జేబులో, ఒకటి సంచిలో పెట్టుకోండి. ఫోన్‌లో ఉంది కదా అనుకోవద్దు, ఫోను ఎటూ బయటే ఉండిపోతుంది. పాస్‌పోర్ట్ బీరువాలో ఉంటే, బయలుదేరేముందు మీ అమ్మ దగ్గర తాళంచెవి అడిగి తీసుకోండి.