గోదావరి డెల్టాలో ఇంటికి పర్యావరణహితమైన ఫ్లోరింగ్ ఎంచుకోవడం ఎలా?

షోరూముకి వెళ్లి రంగులు చూడటం చివరి పని. అమలాపురం, రాజోలు, భీమవరం, నరసాపురం వైపు చాలాచోట్ల కొద్ది లోతు తవ్వితేనే నీళ్లు పడతాయి. నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. ఈ చెమ్మకి పాడై కొన్నేళ్లకే పగలగొట్టాల్సి వచ్చే నేల, ఏ పేరుతో అమ్మినా పర్యావరణానికి మేలు చేయదు. ఎక్కువకాలం నిలవాలి, తీసినా మళ్లీ పనికి రావాలి. నేను చూసేవి ఈ రెండే.

పాత ఇల్లయితే, ఉన్న నేలని ఉంచుకోగలరేమో ముందు చూడండి. మొజాయిక్ గానీ నాపరాళ్లు గానీ గట్టిగా ఉంటే మిషన్ పాలిష్ చేయిస్తే చాలు. కొత్త సరుకు కొనక్కర్లేదు, లారీల కొద్దీ శిథిలాలు చెరువుగట్టున పోయక్కర్లేదు. ఇంతకు మించిన మేలైన ఎంపిక నాకు తెలియదు.

చెమ్మ పరీక్ష

రెండడుగుల ప్లాస్టిక్ షీటుని నేలకి నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి బొట్లు ఉంటే కింది నుంచి చెమ్మ వస్తున్నట్టే. అలాంటి చోట చెక్క, వెదురు, వినైల్ షీట్ల ఆలోచన మానుకోండి. చెక్క ఉబ్బుతుంది, చెదలు పడతాయి. వినైల్ కింద చెమ్మ చిక్కుకుని బూజు పడుతుంది. పైగా అది పీవీసీ ప్లాస్టిక్, తీసేశాక మళ్లీ వాడే దారి దాదాపు లేదు. పాత ఇళ్ల టేకు దొరికితే మేడమీద గదికి వాడుకోండి.

అడుగు పని

కొత్త ఇల్లయితే ఊళ్లో పెద్దవాళ్లని అడిగి 1986 వరద నీరు ఎంత ఎత్తు వచ్చిందో తెలుసుకుని, దానికి పైన ఉండేలా అరుగు లేపండి. ఇసుక నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో బాగా కొట్టించండి. దానిమీద నాలుగంగుళాల కంకర పరిచి, పైన మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి, అప్పుడు కాంక్రీటు. కంకర మధ్య ఖాళీల వల్ల చెమ్మ పైకి పాకదు. సిమెంటు పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటు) తీసుకోండి, అందులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్, అంటే బొగ్గు కాల్చగా మిగిలే బూడిద, ఉంటుంది కాబట్టి సున్నపురాయి కాల్చడం ఆ మేరకు తగ్గుతుంది. ఉప్పు బోరు నీళ్లు వాడితే తర్వాత నేలమీద తెల్లగా పొడి తేలుతుంది. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీటుని తడుపుతూ ఉంచడానికి కూడా కాలువ నీళ్లే తెప్పించండి.

ఏది వేయాలి?

కింది అంతస్తుకి నా ఓటు నంద్యాల జిల్లా బేతంచర్ల నాపరాళ్లకే. కాల్చే పని లేదు, కోసి అరగదీస్తే చాలు. విట్రిఫైడ్ టైల్స్‌ని దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పైగా వాటిలో చాలా భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా దాటి వస్తాయి. నాపరాళ్లని సున్నం, ఇసుక గారతో పరిస్తే తర్వాత ఎప్పుడైనా విరగకుండా ఊడదీయొచ్చు. కింద మట్టి కదిలినా అతుకుల దగ్గరే ఆ తేడా కనిపిస్తుంది, నాలుగు రాళ్లు తీసి సరిచేసుకుంటే సరిపోతుంది. కూల్చిన ఇళ్ల పాత రాళ్లు దొరికితే అవే కొనండి.

వంటగదికి మాత్రం గ్రానైట్. నాపరాయి సున్నపురాయి జాతి, నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ దిగుతుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు రాయి మనకి దగ్గర.

మేడమీదకి ఎర్ర గచ్చు, అంటే సిమెంటులో ఎర్ర రంగు పొడి కలిపి పోసే రెడ్ ఆక్సైడ్ నేల, అందంగా, చల్లగా ఉంటుంది. రంగు పొడి సిమెంటు బరువులో పదో వంతు మించకూడదు, మించితే పొర బలహీనపడుతుంది. పెద్ద గదిని ఒకే పలకగా పోయకుండా మధ్యలో గాజు పట్టీలు పెట్టించండి, పగుళ్లు తగ్గుతాయి. రోహిణి కార్తె ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. పనితనం తెలిసిన మేస్త్రీ దొరికితేనే దిగండి. ముందుగా రెండడుగుల ముక్క వేయించి, ఆరాక చూసి ఒప్పుకోండి.

పని అయ్యాక సిమెంటు మరకలు పోవాలని కూలీలు యాసిడ్ పోస్తామంటారు. నాపరాళ్ల మీద అస్సలు పోయనివ్వకండి, మెరుపు పోయి గరుకుబారుతుంది. మరక పచ్చిగా ఉండగానే తడిగుడ్డతో తుడిపించాలి, రోజూ శుభ్రానికి మామూలు నీళ్లు చాలు.