ఇంట్లో ఉప్పు తగ్గించడం ఎలా?

డాక్టరు బీపీ ఉందన్న రోజు రాత్రి ఇంట్లో చప్పిడి కూర. మూడో రోజుకి ఎవరికీ ముద్ద దిగదు. నాలుగో రోజు ఆవకాయ జాడీ మళ్లీ టేబుల్ ఎక్కుతుంది. మా ఇంట్లో రెండుసార్లు ఇదే తంతు. నాలుక కొత్త రుచికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి తొందరపడొద్దు.

ముందు లెక్క తేల్చండి. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకి 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలకే ఖాళీ అయితే తలకి రోజుకి 8 గ్రాములు దాటినట్టే. పచ్చళ్లు, మిక్చర్, నూడుల్స్ మసాలా, హోటల్ తిండి ఇందులో కలవలేదు!

ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టడం మానేసి, ఒకే చెంచాతో కొలిచి వేయండి. మొదట అన్నంలో, చపాతీ పిండిలో, మజ్జిగలో ఉప్పు ఆపండి. పెద్దగా ఎవరూ కనిపెట్టరు. తర్వాత కూరల్లో వారానికి ఒక చిటికెడు చొప్పున తగ్గించండి. ఆ లోటు నిమ్మరసం, అల్లం, జీలకర్ర పోపు చాలావరకు పూడుస్తాయి. పప్పులో చింతపండు కాస్త ఎక్కువ పడితే మా వాళ్లు ఉప్పు సంగతే ఎత్తలేదు.

అసలు చిక్కు పచ్చడి దగ్గరే. మానేయమంటే తెలుగువాడు మానడు, ఆ మాట అనకండి. జాడీని పై అరలోకి ఎక్కించి, రోజుకి ఒక్క పూటకి సరిపడా చిన్న గిన్నెలోకి తీయండి. పెరుగన్నంలోకి ఆవకాయ బద్ద బదులు పచ్చి ఉల్లిపాయ కొరుక్కోవచ్చు. అప్పడాలో, చల్ల మిరపకాయలో వేయించిన రోజు ఊరగాయకి సెలవు.

సైంధవ లవణం వాడితే సరిపోతుందనుకోవద్దు, అదీ దాదాపు సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు. ఉప్పు తగ్గింది కదా అని మాత్రలు సొంతంగా ఆపేయొద్దు.

ప్యాకెట్ అయిపోయాక రోజులు లెక్కపెట్టి, రెండో దాని మీదా తేదీ వేయండి.