పెద్ద మార్పు వచ్చినప్పుడు ఒత్తిడిని తట్టుకోవడం ఎలా

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వంటి బొగ్గు గనుల ఊళ్లలో ఒక కార్మికుడు రిటైర్ అయితే బయటివారికి ఒక్క మార్పే కనిపిస్తుంది. ఆ ఇంట్లో మాత్రం చాలా మార్పులు ఒకేసారి మొదలవుతాయి. ఏళ్ల తరబడి దినచర్యను నడిపించిన షిఫ్టు ఆగిపోతుంది, జీతం పోయి పెన్షన్ మిగులుతుంది, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయవలసి వస్తుంది, దానితో పాటు ఇరుగుపొరుగు, తెలిసిన కిరాణా కొట్టు, అలవాటైన ఆస్పత్రి అన్నీ దూరమవుతాయి. చేతికి వచ్చిన డబ్బుతో ఆ ఏడాదే బిడ్డ పెళ్లి చేయాలన్న ఆలోచన కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. ఇన్ని కలిసిన తర్వాత నిద్ర పట్టకపోయినా, చిన్న మాటకే కోపం వచ్చినా అది మనిషి బలహీనత కాదు. ఒత్తిడిని తగ్గించుకోవాలంటే ముందుగా ఆ పెద్ద మార్పును దానిలోని చిన్న మార్పులుగా విడదీసి చూడాలి.

ఇలా విడదీసి చూడటానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికా మానసిక వైద్యులు మనిషి జీవితంలో వచ్చే 43 సంఘటనలకు మార్కులు వేసి ఒక పట్టిక ప్రకటించారు. అందులో భర్త లేదా భార్య మరణానికి 100, విడాకులకు 73, పెళ్లికి 50, ఉద్యోగ విరమణకు 45 మార్కులున్నాయి. సంతోషంగా చేసుకునే పెళ్లికి సగం మార్కులు ఉండటం గమనించదగినది, ఎందుకంటే మార్పు మంచిదైనా చెడ్డదైనా దానికి సర్దుకునే శ్రమ శరీరానికి తప్పదు. ఈ పట్టికలో మార్కులు కూడుతూ పోతారు. పైన చెప్పిన కార్మికుడికి విరమణకు 45, ఆదాయం మారినందుకు 38, కూతురు ఇల్లు విడిచినందుకు 29, జీవన పరిస్థితులు మారినందుకు 25, ఇల్లు మారినందుకు 20, మొత్తం 157 అవుతాయి. 150 దాటితే ఆరోగ్యం దెబ్బతినే అవకాశం పెరుగుతుందని ఆ పట్టిక చెబుతుంది. ఆ మార్కులు అక్కడి సమాజానికి తగినట్టు వేసినవి కాబట్టి మన ఇళ్లకు వాటిని యథాతథంగా అన్వయించలేము, వాటితో ఎవరి భవిష్యత్తూ చెప్పలేము. అయినా భారం ఒక్కచోట నుంచి రాదని, పోగుపడుతుందని గ్రహించడానికి అది చాలు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని, ఈ ఆరు నెలల్లో మీ ఇంట్లో మారినవీ మారబోయేవీ అన్నీ రాయండి. వాటిలో తమంతట తాము వచ్చినవేవో, మనం కోరి కలుపుకుంటున్నవేవో గుర్తు పెట్టండి. విరమణ తేదీని ఆపలేము, కుదిరిన పెళ్లిని ఆపమని ఎవరూ అనరు. కానీ అదే ఏడాది సొంతూరిలో కొత్త ఇల్లు కట్టడం, ఉన్న పొలం అమ్మి హన్మకొండలో ప్లాటు కొనడం, కొడుకుతో కలిసి వ్యాపారం మొదలుపెట్టడం మాత్రం ఆపగలిగినవే. నా దృష్టిలో ఈ వాయిదాను మించిన మందు లేదు. ముఖ్యంగా డబ్బు విషయంలో గట్టిగా ఉండాలి. విరమణ సొమ్ము వచ్చిందని తెలియగానే అప్పు కోసం వచ్చే చుట్టాలూ, చిట్టీలో చేరమనే స్నేహితులూ ఉంటారు. మనసు చెదిరి ఉన్న సమయంలో కాదనలేక ఇచ్చిన మాట తర్వాత ఏళ్ల తరబడి గుండెల మీద కుంపటిలా ఉంటుంది. సొమ్మును బ్యాంకులో డిపాజిట్ చేసి, ఆరు నెలల దాకా ఎవరికీ ఏ మాటా ఇవ్వకూడదని ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించుకోండి. అప్పుడు ఎవరైనా అడిగితే ఒక్కరే కాదనవలసిన ఇబ్బంది ఉండదు.

రెండవ పని రోజుకు ఒక చట్రం కట్టుకోవడం. మన శరీరంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మామూలుగా తెల్లవారుజామున పెరిగి ఆ తర్వాత పగలంతా తగ్గుతూ అర్ధరాత్రికి అత్యల్ప స్థాయికి చేరుతుంది. నిద్రలేచే వేళ రోజుకొకటిగా మారితే ఈ క్రమం చెదురుతుంది. ఏళ్ల తరబడి మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అంటూ తిరిగినవారిలో అది ముందే చెదిరి ఉంటుంది. అందువల్ల రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా ఉదయం ఒకే సమయానికి లేచి, ఎండ పొడ తగిలేలా అరగంట నడవండి. వరంగల్, హన్మకొండ వారికి భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి చెరువు కట్ట ఉన్నాయి. పల్లెలో ఉన్నవారికి పొలం బాట చాలు. సాయంత్రం నాలుగు దాటాక టీ మానేయడం మేలు, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. గుండె దడగా అనిపించినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి వదిలే సమయాన్ని పొడిగిస్తే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది.

ఇక్కడ కల్లు సంగతి విడిగా చెప్పాలి. కష్టం వచ్చినప్పుడు సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్లడం మన ప్రాంతంలో తప్పుగా ఎవరూ చూడరు, చెట్టు నుంచి దింపిన స్వచ్ఛమైన కల్లు గురించి నేను మాట్లాడటం లేదు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో చాలాకాలంగా ఉన్న సమస్య. దానికి అలవాటు పడిన మనిషి ఇల్లు మారినందువల్లనో, దుకాణం మూతపడినందువల్లనో ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, నిద్ర పూర్తిగా పోవడం, తికమకగా మాట్లాడటం, మూర్ఛ రావడం జరగవచ్చు. గాలి సోకిందని అనుకుని ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదం. అలవాటు ఉన్నవారు సొంతంగా ఒక్కరోజులో మానేయకుండా వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి. మందు తాగితే నిద్ర వస్తుందన్నదీ సగం నిజమే. నిద్ర త్వరగా పట్టినా రాత్రి రెండవ సగంలో మాటిమాటికి మెలకువ వస్తుంది, మర్నాడు దిగులు మరింత పెరుగుతుంది.

ఇంట్లో స్థానం మారడం వల్ల కలిగే బాధను కాగితం మీద రాయడం కష్టం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లి చాలా ఏళ్ల తర్వాత తిరిగి వచ్చిన మనిషికి ఇది బాగా తెలుసు. ఆయన లేని కాలంలో భార్య ఇంటి లెక్కలన్నీ ఒంటరిగా నడిపింది, పిల్లలు అమ్మను అడిగి నిర్ణయాలు తీసుకోవడానికి అలవాటు పడ్డారు. ఆయన ఏదైనా సలహా చెప్పబోతే, "బాపూ, నువ్వు ఊకో, మేం చూసుకుంటం" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాటతో ఆయనకు ఇంట్లో పని లేకుండా పోతుంది. విరమణ చేసినవారి పరిస్థితీ ఇదే. దీనికి రెండు వైపుల నుంచీ ప్రయత్నం కావాలి. వచ్చిన మనిషి మొదటి రెండు మూడు నెలలు ఇంటి పద్ధతిని మార్చబోకుండా చూస్తూ నేర్చుకోవాలి. ఇంటివారు ఆయనకు పూర్తిగా ఆయనదే అయిన ఒక పని అప్పగించాలి. మనుమరాలిని బడిలో దింపి తీసుకురావడం, కరెంటు బిల్లు, ఎరువుల కొనుగోలు, ఏదైనా సరే. పని అప్పగించిన తర్వాత వెనక నుంచి సరిదిద్దకూడదు.

మరణం సంగతి వేరు. దినాలు అయ్యేదాకా ఇంటినిండా మనుషులుంటారు, ఆ తర్వాత ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఓదార్చాలనుకునేవారు అప్పుడు వెళ్లాలి. నెల మాసికం తర్వాత, మొదటి బతుకమ్మ నాడు, మొదటి సంక్రాంతి నాడు వెళ్లి పక్కన కూర్చోండి. పోయిన మనిషి పేరు ఎత్తితే ఏడుస్తారేమోనని భయపడవద్దు. ఏడవనివ్వండి. భర్త పోయిన స్త్రీ చేత వేలిముద్రో సంతకమో పెట్టించడానికి తొందరపడేవారు ఉంటే, నమ్మకమైన మరొకరు చదివి చెప్పేదాకా ఏ కాగితమూ ముట్టవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి.

కొత్తగా పెళ్లయి హైదరాబాద్ వెళ్లిన అమ్మాయికీ, నర్సంపేట నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చి హాస్టల్‌లో చేరిన పిల్లవాడికీ చెప్పవలసింది కొంచెమే. ఇంటికి ఫోన్ చేసే సమయాన్ని రోజూ ఒకేలా ఉంచుకోండి, కొత్త చోట కనీసం ఒక్క మనిషితో రోజూ నాలుగు మాటలు మాట్లాడండి. తల్లిదండ్రులు "అంతా మంచిగున్నదా?" అని అడిగితే ఉన్నదనే జవాబు వస్తుంది. "ఈ వారం ఏది కష్టమైంది?" అని అడిగి చూడండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోవచ్చు. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండీ నిద్రా చెడిపోవడం, పని చేయలేకపోవడం కనిపిస్తే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. చచ్చిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకూడదు. పురుగుల మందు డబ్బా వంటివి ఇంట్లో అందకుండా చేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరే విధంగా రుజువైతే తప్ప శిక్షించకూడదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతుంది.

వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ముందు రాసుకున్న ఆ మార్పుల కాగితాన్నీ, వాడుతున్న బీపీ, షుగర్ మాత్రలనూ వెంట తీసుకెళ్లండి, కల్లు, మందు అలవాటును దాచకుండా చెప్పండి. థైరాయిడ్ లోపం వల్ల కూడా నీరసం, దిగులు కలగవచ్చు కాబట్టి రక్త పరీక్ష అవసరమా అని అడగండి. దిగులుకు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో గుణం కనిపించలేదని ఆపవద్దు, బాగైందనిపించాక కూడా వైద్యుణ్ని అడగకుండా మానవద్దు. తర్వాత ఎప్పుడు రావాలో అక్కడే అడిగి, ఆ తేదీని ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.