ఇంట్లోనే గింజల పాలు తీయడం ఎలా?

కొబ్బరి పాలు తీయడం తెలిసిన ఇంట్లో గింజల పాలు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. కొబ్బరిని కోరి, నీళ్ళు పోసి రుబ్బి, గుడ్డలో వేసి పిండినట్లే, ఇక్కడ గింజలను నానబెట్టి, రుబ్బి, పిండుతాము. గింజలో దాగి ఉన్న నూనె, మాంసకృత్తులు కంటికి కనిపించనంత సన్నని బొట్లుగా నీటిలో కలిసిపోవడం వల్ల ఆ ద్రవం పాల వలె తెల్లగా కనిపిస్తుంది. పశువుల పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర గాని, ఎలర్జీ కలిగించే పాల మాంసకృత్తులు గాని ఇందులో ఉండవు కాబట్టి, పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి, పాల ఎలర్జీ ఉన్నవారికి, పశువుల ఉత్పత్తులు మానుకున్నవారికి ఇవి పనికివస్తాయి. మా ఇంట్లో ఇవి మొదలైనది మా అత్తగారి కోసం. సాయంత్రం టీ తాగిన అరగంటకల్లా ఆమెకు కడుపు రాయిలా బిగుసుకునేది; పాలలోని చక్కెర అరగడం లేదని డాక్టరు చెప్పిన తరువాత బాదం పాలు తెప్పించి చూశాము గాని, రోజూ కొనాలంటే ఆ ధర భరించలేక గింజల వైపు మళ్ళాము.

ఏ గింజలు తీసుకోవాలి?

మొదటిసారి ప్రయత్నించేవారు పుచ్చ గింజల పప్పుతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. పొట్టు తీసి అమ్ముతారు కాబట్టి ఒలిచే పని ఉండదు, పాలు తెల్లగా వస్తాయి, రుచిలో ఘాటు గాని చేదు గాని ఉండదు, పైగా బాదంకంటే చవక. హైదరాబాదులో దీనికోసం వెతుక్కోవలసిన అవసరం లేదు. అఫ్జల్‌గంజ్ వైపు నుంచి బేగంబజారులోకి వెళితే డ్రై ఫ్రూట్ దుకాణాల్లో ఇది గోతాలలోనే కనిపిస్తుంది. సికింద్రాబాదు వాళ్ళకు మోండా మార్కెట్ దగ్గర. నేను మొదటిసారి వెళ్ళి పుచ్చపప్పు అని రెండు మూడు సార్లు అడిగితే దుకాణంలో ఎవరికీ అర్థం కాలేదు. చివరకు పొట్లాలు కట్టే కుర్రవాడు "మగజ్ అనండమ్మా" అని నవ్వాడు. ఆ మాటకు మెదడు అని, గింజలోని పప్పు అని రెండు అర్థాలూ ఉన్నాయి. అందుకే హోటల్లో మగజ్ మసాలా అంటే మేక మెదడు కూర వస్తుంది, కిరాణా దుకాణంలో మగజ్ అంటే ఈ పప్పు వస్తుంది. పుచ్చ, ఖర్బూజా, దోస, గుమ్మడి గింజల పప్పులు నాలుగూ కలిపినదాన్ని చార్ మగజ్ అంటారు. గ్రేవీలు చిక్కబడటానికి దీనిని రుబ్బి వేయడం ఇక్కడి వంటలో ఉన్నదే, కాబట్టి పాలకు కూడా నిస్సందేహంగా వాడుకోవచ్చు.

కొనే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలాలి. పాత నూనె వాసన తగిలినా, గొంతులో చేదు నిలిచినా ఆ సరుకు వదిలివేయాలి, ఎందుకంటే నూనె పాడైన గింజకు ఎంత నానబెట్టినా, ఎన్ని ఏలకులు వేసినా ఆ వాసన పోదు. ఉప్పు పట్టించి వేయించిన గింజలు పనికిరావు; పచ్చివే కావాలి.

నువ్వుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం పొట్టుతో ఉన్న 100 గ్రాముల నువ్వుల్లో కాల్షియం 1000 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. అదే 100 గ్రాముల ఆవు పాలలో ఉండేది సుమారు 120 మిల్లీగ్రాములు. ఈ అంకెలు చూసి నువ్వుల పాలు తాగితే ఆవు పాలకు ఎన్నో రెట్లు కాల్షియం వస్తుందని చాలామంది అనుకుంటారు గాని, ఆ కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులో, అదీ ఆక్సలేటుతో ముడిపడి, ఒంటికి సులభంగా పట్టని రూపంలో ఉంటుంది. చేదు కూడా ఆ పొట్టులోనే ఉంటుంది. పొట్టు తీస్తే చేదుతో పాటు కాల్షియం కూడా చాలావరకు పోతుంది, పొట్టుతో రుబ్బి వడకడితే అది పిప్పిలో మిగిలిపోతుంది. కాబట్టి నువ్వుల పాలను రుచి కోసం తాగాలి తప్ప కాల్షియం లెక్కలతో తాగకూడదు. పొట్టు తీసిన తెల్ల నువ్వులు దుకాణాల్లో దొరుకుతాయి. లేదంటే రెండు గంటలు నానబెట్టి, గరుకు గుడ్డపై వేసి అరచేతితో రుద్ది, నీళ్ళలో వేస్తే పైకి తేలే పొట్టును వంచివేయవచ్చు. మేము మూడు వంతుల పుచ్చపప్పుకు ఒక వంతు నువ్వులు కలుపుతాము. ఆ పాళ్ళలో నువ్వుల కమ్మదనం తెలుస్తుంది, చేదు తెలియదు.

గుమ్మడి గింజల పాలు లేత ఆకుపచ్చగా, పొద్దుతిరుగుడు గింజల పాలు బూడిద రంగు కలిసిన తెలుపుగా వస్తాయి. రెండూ తాగడానికి బాగానే ఉంటాయి. పొద్దుతిరుగుడు గింజలు నానే నీటిలో గాని, ఆ పాలు పోసి కలిపే పిండిలో గాని వంట సోడా వేయకూడదు. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిస్తే ఆకుపచ్చగా మారుతుంది. ప్రమాదమేమీ లేదు గాని, పచ్చటి కేకును పిల్లల చేత తినిపించడం మాత్రం కష్టం. అవిసె గింజలు, సబ్జా గింజలు నానితే జిగురు కడతాయి కాబట్టి గుడ్డలో పిండడం సాధ్యం కాదు, వాటిని వదిలివేయడమే మేలు. గసగసాల పాలు అన్నింటికన్నా కమ్మగా ఉంటాయి, ధర కూడా అందుకు తగినట్లే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా గల్ఫ్ ప్రయాణం పెట్టుకుని ఉంటే మాత్రం ఆ గింజలు వారి సామాన్లలోకి వెళ్ళకుండా చూడాలి. సౌదీ అరేబియా, యూఏఈ వంటి దేశాల్లో గసగసాలు నిషిద్ధ వస్తువులు.

నానబెట్టడం

100 గ్రాముల గింజలకు మొత్తం 500 మిల్లీలీటర్ల నీళ్ళు సరిపోతాయి. ఈ పాళ్ళలో టీకి, పాయసానికి, ఓట్స్‌కు పనికివచ్చే చిక్కదనం వస్తుంది. పలుచగా కావాలనుకునేవారు తరువాత నీళ్ళు కలుపుకోవచ్చు గాని, పలుచగా తీసిన పాలను చిక్కబరచడం కుదరదు.

గింజలను రెండు మూడు నీళ్ళలో కడిగి, మునిగి పైన రెండు అంగుళాల నీళ్ళు నిలిచేలా పోసి, ఆరు గంటలు నానబెట్టాలి. చలికాలంలో వంటింటి గట్టు మీద ఉంచినా పరవాలేదు. ఎండాకాలంలో మాత్రం గిన్నెను ఫ్రిజ్‌లోనే పెట్టాలి. మే నెలలో ఒక రాత్రి గట్టు మీద వదిలేసి పడుకుంటే, తెల్లవారేసరికి గిన్నె అంచున సన్నని నురగ కట్టి, మూత తీయగానే పులిసిన ఇడ్లీ పిండి వాసన వచ్చింది. ఆ రోజు పావు కిలో పప్పు మొక్కల పాలైంది.

నానిన గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా విరగాలి, మధ్యలో పొడిగా తెల్లటి గీత కనిపించకూడదు. నానిన నీటిని పారబోసి, మరిగే నీళ్ళలో గింజలను ఒక్క నిమిషం ఉంచి తీసి, వెంటనే చల్లటి నీళ్ళతో కడగాలి. చాలామంది ఈ పని చేయరు. కాని గోతాలలో తెరిచి అమ్మే గింజల మీద దుమ్ము, క్రిములు ఉండే అవకాశం ఎక్కువ, పైగా ఈ పాలను ఆవు పాల వలె పొంగించి కాచడం కుదరదు కాబట్టి, ఆ వేడి ఏదో గింజ దశలోనే తగలాలి. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేవరకు కడుగుతూనే ఉండాలి. పాలు చేదుగా వచ్చాయని చెప్పేవారిలో సగం మంది నానిన నీటితోనే రుబ్బినవారై ఉంటారు.

రుబ్బడం, పిండడం

మొత్తం నీళ్ళు ఒకేసారి పోస్తే గింజలు మిక్సీ జారులో గిరగిర తిరుగుతాయే గాని నలగవు. పచ్చడికి పోసినట్లు మొదట 100 మిల్లీలీటర్లు మాత్రమే పోసి, వెన్న వంటి ముద్ద అయ్యేవరకు రుబ్బాలి. ముద్దను వేళ్ళ మధ్య రాస్తే రవ్వ తగలకూడదు. మిగిలిన 400 మిల్లీలీటర్లు అప్పుడు పోసి మరొక నిమిషం తిప్పాలి. చల్లటి నీళ్ళు వాడాలి, అర నిమిషానికి ఒకసారి మిక్సీ ఆపాలి. జారు వేడెక్కితే నూనె విడివడి పాల మీద తెట్టుగా తేలుతుంది. బోరు నీళ్ళు వచ్చే అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు ఫిల్టరు నీళ్ళు వాడాలి, ఎందుకంటే ఉప్పదనం ఈ పాలలో వెంటనే తెలిసిపోతుంది.

పిండే గుడ్డ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. పల్చటి మల్లు గుడ్డ అన్నింటికన్నా మంచిది. టీ వడకట్టే జల్లెడలో నుంచి రవ్వ దిగిపోతుంది. ఆ గుడ్డను సబ్బు పొడితో ఉతికిన బట్టలలో కలపకుండా, ప్రతిసారీ వేడి నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, విడిగా దాచుకోవాలి. గిన్నె మీద గుడ్డ పరిచి, రుబ్బినది పోసి, నాలుగు కొసలూ కలిపి మెలితిప్పుతూ పైనుంచి కిందికి ఒత్తాలి. మొదట ధారగా, తరువాత చుక్కలుగా దిగుతుంది. చుక్కలు ఆగిన తరువాత కూడా బలం కొద్దీ పిండితే సన్నని పిప్పి గుడ్డ దాటి వస్తుంది, నువ్వులైతే చేదు కూడా వస్తుంది. అక్కడ ఆపాలి. గుడ్డలో మిగిలిన ముద్దకు మరో 100 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి రెండో పాలు తీయవచ్చు. అవి తాగడానికి పలుచనే గాని, చపాతీ పిండి కలపడానికి, కూరలో పోయడానికి బాగుంటాయి.

చిటికెడు ఉప్పు వేస్తే పాలకు రుచి వస్తుంది. ఖర్జూరం, బెల్లం, ఏలకులు వంటివి సీసాలో వేయకుండా తాగే గ్లాసులో కలుపుకోవాలి, ఎందుకంటే తీపి కలిసిన పాలు త్వరగా పులుస్తాయి.

టీలో విరగకుండా ఉండాలంటే

గింజల పాలను స్టవ్ మీద పెట్టి మరిగించకూడదు. గుమ్మడి గింజల పాలైతే నిమ్మరసం చుక్క కూడా లేకుండా, వేడికే విరిగి పనీర్ వలె గడ్డ కడతాయి. వాటితో పనీర్ వంటిది చేసుకునేవారు కూడా ఉన్నారు. పుచ్చపప్పు పాలు కూడా అంతే. వేడికి తోడు కాఫీలోని పులుపు కలిస్తే విరగడం మరింత తేలిక. అందుకే పాలను గోరువెచ్చగా మాత్రమే చేసి కప్పులో ముందుగా పోసి, నిమిషం పాటు చల్లారనిచ్చిన డికాషన్‌ను సన్నని ధారగా కలుపుతూ పోయాలి. ఇరానీ చాయ్ రుచి ఈ పాలతో వస్తుందని నేను చెప్పను. ఆ టీకి కావలసినది గంటల తరబడి మరిగి చిక్కబడిన పాలు, ఆ గుణం గింజల పాలకు లేదు. అల్లం, ఏలకులు వేసిన డికాషన్‌లో మాత్రం ఇవి బాగా కలిసిపోతాయి. రాగి జావలో, సేమ్యా పాయసంలో పోయాలంటే అవి ఉడికి, పొయ్యి మీద నుంచి దించిన తరువాత చివరలో పోయాలి.

నిల్వ, జాగ్రత్తలు

మరిగే నీళ్ళతో కడిగిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో లోపలి అరలో ఉంచితే మూడు రోజులు ఉంటాయి. తలుపు అరలో పెడితే మాటిమాటికీ వేడి గాలి తగులుతుంది. కొన్ని గంటలకే పైన చిక్కగా, కింద నీరుగా రెండు పొరలు కడతాయి. అది పాడవడం కాదు, ఊపితే మళ్ళీ కలిసిపోతుంది. పుల్లటి వాసన వచ్చినా, తీగలా సాగినా పారబోయాలి. ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచకూడదు.

దుకాణంలో దొరికే పెట్టెలలోని పానీయాలకు కాల్షియం, డి విటమిన్, బి12 కలుపుతుంటారు. ఇంట్లో తీసిన వాటిలో అవి ఉండవు. పశువుల పాలు పూర్తిగా మానేసినవారు ఆ లోటు ఎలా తీర్చుకోవాలో డాక్టరును అడగాలి. ఏడాది నిండని పసిపిల్లలకు తల్లి పాలకు గాని, డాక్టరు చెప్పిన డబ్బా పాలకు గాని బదులుగా వీటిని ఎంతమాత్రం పట్టకూడదు. నువ్వుల ఎలర్జీ కొందరిలో తీవ్రంగా ఉంటుంది కాబట్టి, అతిథులకు ఇచ్చే ముందు ఇందులో నువ్వులున్నాయని చెప్పడం అవసరం.

ఇక పిప్పి. 100 గ్రాముల గింజలకు గుప్పెడు పైగానే మిగులుతుంది, దానిని పారవేయడం అన్యాయం. పుచ్చపప్పు పిప్పిలో ఉల్లి, పచ్చిమిర్చి, బియ్యప్పిండి కలిపి పెనం మీద చిన్న రొట్టెలు తట్టవచ్చు. నువ్వులు కలిసిన పిప్పికి మాత్రం మా ఇంట్లో ఒకటే దారి: వేయించిన పల్లీలు, ఎండు కొబ్బరితో కలిపి మళ్ళీ రుబ్బి, చింతపండు రసం పోసి, బగారా బైంగన్‌కు మసాలాగా వేస్తాము. నూనె కొంత పాలలోకి వెళ్ళిపోయి ఉంటుంది కాబట్టి గ్రేవీ పైన నూనె తేలడానికి రెండు చెంచాలు అదనంగా పోయాలి, లేకపోతే వంకాయకు మసాలా పట్టదు. ఆ రోజు కూర చేసే ఉద్దేశం లేకపోతే పిప్పిని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజుకల్లా వాడేయాలి. తడి పిప్పి పాలకంటే ముందే పులుస్తుంది.