భుజం కీలు మార్పిడి తర్వాత వచ్చే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

ముందు డిశ్చార్జ్ కాగితం తీసి, మీకు జరిగింది మామూలు మార్పిడా, రివర్స్ మార్పిడా చూసుకోండి. మామూలు పద్ధతిలో భుజం ముందువైపున్న సబ్‌స్కాప్యులారిస్ కండరాన్ని సాధారణంగా విడదీసి మళ్ళీ కుడతారు. అది అతుక్కునేదాకా కాపాడుకోవాలి. రివర్స్‌లో బంతి, గిన్నె స్థానాలు తారుమారవుతాయి, చెయ్యి లేపే బరువు భుజాన్ని పైనుంచి కప్పి ఉండే డెల్టాయిడ్ కండరం మీద పడుతుంది. అక్కడ పెద్ద భయం కీలు జారడం. పక్కింటాయన చేసిన వ్యాయామం మీరు చేయకూడదనేది ఇందుకే.

రాత్రి నొప్పితో నిద్ర పట్టడం లేదు

వెల్లకిలా పడుకున్నప్పుడు మోచేయి పరుపులోకి, అంటే భుజం కన్నా వెనక్కి దిగిపోతుంది. దాంతో కుట్టిన భాగం సాగుతుంది. మోచేయి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టండి. పడుకుని కిందికి చూస్తే మీ మోచేయి మీకు కనబడాలి, అదే కొలత. వీపు కింద దిండ్లు పేర్చి, సగం కూర్చున్నట్టు పడుకుంటే ఇంకా సుఖం. స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) రాత్రి కూడా ఉండాలి. మాత్ర నొప్పి ముదిరాక కాదు, డాక్టర్ చెప్పిన వేళకే వేసుకోండి. మొదటి వారాల్లో ఈ నొప్పి మామూలే, ఆపరేషన్ ఫెయిలైందేమోనని టెన్షన్ పడకండి.

చెయ్యి వాచింది, మోచేయి దాకా కమిలింది

లోపలి రక్తం కిందికి దిగడం వల్ల ఇలా అవుతుంది, మెల్లగా తగ్గిపోతుంది. మణికట్టు స్లింగ్ అంచు దాటి వేలాడకుండా చూసుకోండి, పిడికిలి తరచూ ముడిచి తెరవండి. మోచేయి వంచడం మాత్రం అడిగి మొదలుపెట్టండి, కొందరికి బైసెప్స్‌ను (జబ్బ ముందువైపు కండరాన్ని) కూడా కుట్టి ఉంటారు. చేతిలో తిమ్మిరి ఉంటే, అది మత్తు ఇంజెక్షన్ వల్ల అయితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పోకపోతే సర్జన్‌కు ఫోన్ చేయండి.

భుజం బిగుసుకుపోయింది

భయపడి అసలు కదపకపోవడం ఒక కారణం, అత్యుత్సాహంతో లాగి వాపు తెచ్చుకోవడం ఇంకో కారణం. మొదట్లో ఆ చెయ్యి తనంతట తాను లేవకూడదు. రెండో చెయ్యో, ఫిజియోథెరపిస్టో లేపాలి. కొంచెంకొంచెంగా, రోజుకు నాలుగైదు సార్లు చేయడం మేలు. వ్యాయామం నొప్పి మర్నాటి దాకా ఉంటే మోతాదు ఎక్కువైనట్టే. చేతిని బయటికి తిప్పడంలో సర్జన్ పెట్టిన హద్దు దాటొద్దు.

లేపబోతే భుజం చెవి వైపు ఎక్కుతోంది

డెల్టాయిడ్ బలం చాలక మెడ కండరం ఆ పని చేస్తోంది. అద్దం ముందు నిలబడి, భుజం ఎగరనంత ఎత్తు వరకే లేపండి. పడుకుని చేస్తే బరువు తగ్గి ఇంకా తేలిక. బలం పూర్తిగా రావడానికి ఏడాది పట్టవచ్చు.

కుర్చీలోంచి లేస్తుంటే టక్కుమంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆపరేషన్ అయిన చేత్తో కుర్చీని నొక్కి లేవడం, చెయ్యి వీపు వెనక్కి పెట్టి చొక్కా దోపడం, రెండూ ప్రమాదమే. మామూలు మార్పిడిలో కుట్టిన కండరం తెగవచ్చు, చెయ్యి లోపలికి నొక్కే బలం పోతుంది. రివర్స్‌లో కీలు జారవచ్చు. ఇంట్లో సరిచేయబోకండి, స్లింగ్ వేసుకుని ఆ రోజే వెళ్ళి ఎక్స్‌రే తీయించండి. రివర్స్ అయినవాళ్ళకు నెలల తర్వాత భుజం పైఎముక మీద కొత్తగా నొప్పి వస్తే అక్కడ సన్నని పగులు ఉండవచ్చు. ఎక్స్‌రేలో కనబడకపోయినా స్కాన్ సంగతి అడగండి.

గాయం నుంచి చీము, పెరిగే ఎరుపు, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం

ఇన్‌ఫెక్షన్ అనుమానించాలి, వెంటనే సర్జన్‌కు చెప్పాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, పిక్క వాపు ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి. భుజంలో క్యుటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా జ్వరం, ఎరుపు లేకుండానే నెలల తరబడి నొప్పి, బిగుతు మాత్రమే తేగలదు. బాగుపడ్డ భుజం మళ్ళీ నొప్పి పెడితే సొంతంగా యాంటీబయాటిక్ వాడకండి. శాంపిల్ తీయకముందే మందు పడితే ఆ బాక్టీరియా పరీక్షకు దొరక్కుండా పోవచ్చు.